యూరియా సంచి విప్పే ముందు మట్టి పులుపు చూడండి

తొలకరి పడగానే ఒడిశాలోని గుణుపూర్, రాయగడ, కాశీనగర్ చుట్టుపక్కల మామిడి తోటల్లో జరిగే పని దాదాపు ఒకటే. లాంప్స్ అనే గిరిజన సహకార సంఘంలోనో బజారు కొట్లోనో దొరికిన యూరియా, డీఏపీ (నత్రజని, భాస్వరం కలిసిన ఎరువు) ఒక గోనె మీద పోసి కలిపేస్తారు. చెట్టుకి రెండు దోసిళ్ళు, మొదలు చుట్టూ చల్లి పైన కాస్త మట్టి తోస్తారు. పొటాష్ ఊసే ఉండదు. దసరా నాటికి చెట్టు నల్లగా నిగనిగలాడుతుంది. సంక్రాంతి వెళ్ళాక చూస్తే పూత ఒక పక్కే, మిగతా పక్కంతా రాగిరంగు చిగురు. మరుసటి ఏడు ఇంకో దోసిలి పెరుగుతుంది.

ఈ కొండవాలు ఎర్రనేలల్లో ఎరువు చాలక కాపు తగ్గడం అరుదు. వేసింది చెట్టుకి అందకపోవడమే ఎక్కువ. అందకపోవడానికి కారణాలు మూడు: నేల ఆమ్లం, నేల వాలు, వేసిన రోజు. మొదటిదాన్ని ఎవరూ చూడరు కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

ఒడిశా సాగు భూముల్లో దాదాపు 70 శాతం ఆమ్ల నేలలే. వేల ఏళ్ళుగా పడే వానకి సున్నం, మెగ్నీషియం కిందికి కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం పైన మిగిలిపోయాయి. ఆ ఎరుపు ఇనుముదే. ఉదజని సూచిక, అంటే పీహెచ్, 5.5 కన్నా దిగితే అల్యూమినియం కరిగి వేరు కొసల్ని మొద్దుబారుస్తుంది. వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం రెండూ పట్టేసుకుంటాయి. డీఏపీకి పోసిన డబ్బులో చాలా భాగం మట్టిలోనే ఉంటుంది గానీ చెట్టుకి పనికిరాని రూపంలో ఉంటుంది. పైగా యూరియా కూడా నేల పులుపు పెంచేదే. 100 కిలోల యూరియా పెంచే ఆమ్లాన్ని విరవడానికి సుమారు 80 కిలోల సున్నపురాయి పొడి కావాలి. అంటే ఏటా యూరియా వేస్తూ సున్నం ముట్టని తోట ఏటికేడాది వెనక్కి పోతున్నట్టే లెక్క.

మట్టి పరీక్ష కార్డు ఒడియాలో వస్తుంది. తెలుగు బడిలో చదివినవాళ్ళు దాన్ని మడిచి సూరులో దోపేస్తారు. నాలుగు మాటలు తెలిస్తే చాలు, కార్డు చదవొచ్చు. జబఖ్యారజాన అంటే నత్రజని. జైబిక అంగారక అంటే సేంద్రియ కర్బనం. అంగారక అన్నారు కదా అని కుజదోషం అనుకోవద్దు. అమ్ల అంటే ఆమ్లమే. చూన సున్నం. గోబర ఖత మన గత్తం (పేడ ఎరువు), జియా ఖత వానపాముల ఎరువు, ధనిచా మన జీలుగ. కార్డులో మొత్తం 12 అంశాలుంటాయి. తోటకి ముందు చూడాల్సినవి నాలుగు: పీహెచ్, సేంద్రియ కర్బనం (0.5 శాతం లోపు ఉంటే తక్కువ), పొటాష్, బోరాన్ (0.5 పీపీఎం, అంటే పది లక్షల్లో అర భాగం, లోపు ఉంటే లోపం ఉన్నట్టే).

అయితే ఆ కార్డు మీ తోటది కాకపోవచ్చు. ఈ మట్టి పరీక్ష కార్డుల పథకం మొదలైన కొత్తలో మెట్ట భూముల్లో 10 హెక్టార్లకి ఒక నమూనా చొప్పున తీశారు. పైగా అది 15 సెంటీమీటర్ల లోతు మట్టి, వరికి, చోడికి (రాగికి) సరిపోయేది. తోటకి వేరే తీయాలి. ఎరువు వేసి మూడు నెలలైనా దాటాక, ఎకరంలో ఎనిమిది పది చెట్ల దగ్గర, పాదు లోపల నీడ అంచున గుంట తీసి, 0–30 సెంటీమీటర్ల మట్టి ఒక కుప్ప, 30–60 మట్టి ఇంకో కుప్ప పెట్టండి. ఒక్కో కుప్పని బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ తీసేస్తూ అరకిలోకి దింపండి. నీడన ఆరబెట్టి గుడ్డ సంచిలో వేయండి. యూరియా సంచి ముక్కలో కట్టిన మట్టికి నత్రజని ఎంతొస్తుందో చెప్పక్కర్లేదు. వాలు పైభాగం, కిందిభాగం కలిపేయొద్దు. పైన గరప, కింద బంక, రెండింటికీ ఒకే అంకె వస్తే రెండు చోట్లా తప్పే.

సున్నం ఎంత, ఏ సున్నం

పీహెచ్ 5.5 కన్నా తక్కువుంటే కాపు మామిడి చెట్టుకి 1 నుంచి 2 కిలోల సున్నపురాయి పొడి లేదా డోలమైట్ చల్లి, పై 15 సెంటీమీటర్ల మట్టిలో కలిసేలా గొప్పు తవ్వాలి. డోలమైట్‌లో మెగ్నీషియం కూడా ఉంటుంది కాబట్టి ఈ నేలలకి అదే మేలు. వెల్లవేసే సున్నం వాడేవాళ్ళు లెక్క మార్చుకోవాలి. కిలో సున్నపురాయి పొడి చేసే పనిని 740 గ్రాముల తడిపిన సున్నం, 560 గ్రాముల కాల్చిన రాతిసున్నం చేస్తాయి. రాతిసున్నాన్ని పచ్చిగా వేర్ల మీద పోస్తే పీచువేర్లు మాడిపోతాయి. కాగితం మిల్లుల సున్నపు మడ్డి కూడా పనికొస్తుంది. దాన్ని బాగా ఆరనిచ్చి, గడ్డలు చితక్కొట్టి వేయాలి. తడి ముద్దలుగా వేస్తే రెండేళ్ళయినా ముద్దలుగానే దొరుకుతాయి.

అసలు తప్పు జరిగేది తేదీల్లో. కూలీ మనిషి వచ్చిన రోజే సున్నం, యూరియా, సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు) అన్నీ ఒకే పాదులో పడతాయి. సున్నం తగిలిన యూరియా అమ్మోనియాగా గాల్లో పోతుంది. ముక్కుకి ఘాటు తెలుస్తుంది కూడా. సూపర్‌లోని కరిగే భాస్వరం సున్నంతో కలిసి మళ్ళీ బిగుసుకుంటుంది. పచ్చి పేడ మీద సున్నం పడ్డా నత్రజని నష్టమే. కాబట్టి మే చివర, ఒకటి రెండు వానలు పడి మట్టి మెత్తబడ్డాక సున్నం. మూడు వారాలాగి జూన్ చివర్లో ఎరువు.

రాక్ ఫాస్ఫేట్, అంటే భాస్వరపు రాతి పొడి, వాడదలచుకుంటే కథ తిరగబడుతుంది. దాన్ని కరిగించేది నేల ఆమ్లమే. ఆమ్ల నేలల్లో అది చవకైన, నెమ్మదిగా పనిచేసే భాస్వరం. గత్తంతో కలిపి వేస్తే ఇంకా మంచిది. కానీ అదే పాదులో అదే ఏడు సున్నం కూడా వేస్తే రాయి రాయిలాగే ఉంటుంది. రెండింట్లో ఒకటి ఎంచుకోండి. కాపు తోటలకి మాత్రం నా ఓటు సున్నం, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ జంటకే. సూపర్‌లో 16 శాతం భాస్వరంతో పాటు 11 శాతం గంధకం, దండిగా కాల్షియం ఉంటాయి. డీఏపీలో ఈ రెండూ ఉండవు. డీఏపీలో ‘బలం’ ఎక్కువనుకుంటారు; ఈ నేలకి కావాల్సిన బలం అది కాదు.

ఒక చెట్టు లెక్క

మామిడికి రకరకాల మోతాదులు పుస్తకాల్లో ఉన్నాయి. చెట్టు వయసు ఒక్కో ఏడాదికి 73 గ్రాముల నత్రజని, 18 గ్రాముల భాస్వరం, 68 గ్రాముల పొటాష్ చొప్పున పెంచుతూ, పదో ఏడు నుంచి 730–180–680 దగ్గర ఆపేయడం అందులో ఒకటి. కిలో, కిలో, కిలో అనే పాత సిఫార్సు కన్నా ఇదే నయం. భాస్వరాన్ని తెగ్గోసి పొటాష్‌ని నిలబెట్టింది. పండుతో పాటు తోట దాటి పోయేదాంట్లో పొటాష్‌ది పెద్ద వాటా కదా.

పన్నెండేళ్ళ సువర్ణరేఖ రకం మామిడి చెట్టు అనుకోండి. పీహెచ్ 5.2, కర్బనం 0.4. ఏటా 40 కిలోల మాగిన గత్తం వేస్తున్నారు. ఆ గత్తంలో సుమారు 200 గ్రాముల నత్రజని, 80 గ్రాముల భాస్వరం, 200 గ్రాముల పొటాష్ ఉంటాయి. నత్రజని మొదటి ఏడు మూడో వంతే విడుదలవుతుంది, మిగతాది తర్వాతి ఏళ్ళలో. ఏటా వేసేవాళ్ళు సగం, అంటే 100 గ్రాములు తీసేయొచ్చు. పొటాష్ దాదాపు మొత్తం అందుతుంది కాబట్టి 200 తీసేయండి. భాస్వరం మాత్రం తగ్గించొద్దు, నేల పట్టేసేది ఉందిగా. ఇప్పుడు మిగిలింది నత్రజని 630, భాస్వరం 180, పొటాష్ 480 గ్రాములు. సంచుల్లోకి మారిస్తే యూరియా 1,370 గ్రాములు, సూపర్ 1,125 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 800 గ్రాములు. ఎకరానికి 40 చెట్లుంటే యూరియా 55 కిలోలు, సూపర్ 45, పొటాష్ 32. యూరియా సంచి ఇప్పుడు 45 కిలోలే, 50 కాదు. పాత లెక్కతో కొలిచేవాళ్ళు గమనించాలి. ఈ 1,370 గ్రాముల యూరియాని విరవడానికే ఏటా కిలో పైన సున్నం కావాలి. పైన చెప్పిన సున్నం ఒకసారి వేసి మరిచిపోయేది కాదు.

కాపు పెద్దగా లేని ఏడు, లేక ఒక పక్క ఎండి గొడుగు చిన్నదైన చెట్టుకి ఈ మోతాదులో మూడింట రెండొంతులు చాలు. కొలతకి దోసిలి వద్దు, డబ్బా వాడండి. అదే డబ్బాలో యూరియా తేలిక, పొటాష్ బరువు. లీటరు డబ్బా నిండా యూరియా ముప్పావు కిలో దగ్గర తూగుతుంది, పొటాష్ కిలో దాటుతుంది. ఒక్కసారి కాటా మీద పెట్టి, ఒక్కోదానికి డబ్బా మీద మేకుతో గీత గీసుకుంటే ఆ సీజనంతా గొడవ ఉండదు.

ఎక్కడ, ఎప్పుడు

మొదలు దగ్గర ఉండేవి లావు వేర్లు. అవి చెట్టుని నిలబెడతాయి, ఎరువు తాగవు. లేత చెట్లకి మిట్టమధ్యాహ్నం నీడ అంచున, పెద్ద చెట్లకి మొదలు నుంచి 1.5 నుంచి 1.8 మీటర్ల దూరంలో, జానెడు వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతున చాలు, అంటే సన్న కాలువ, తియ్యాలి. ఇంకా లోతు తవ్వితే పీచువేర్లు తెగుతాయి. వాలు నేలలో చుట్టూ తియ్యక్కర్లేదు. చెట్టుకి ఎగువ వైపు అర్ధచంద్రంలా చాలు తీసి ఎరువు అందులో వేయండి, దిగువ వైపు అర్ధచంద్రంలా గట్టు పోయండి. ఎగువన కరిగింది వేర్ల మీదుగా దిగి గట్టు దగ్గర ఆగుతుంది. దిగువన వేసింది మాత్రం నాగావళికో వంశధారకో చేరుతుంది. ముందు గత్తం, దాని మీద సూపర్, ఆపైన యూరియా, పొటాష్. వెంటనే మట్టి కప్పేయాలి.

యూరియాకి ఒక గుణం ఉంది. కరిగిన మొదటి రెండు మూడు రోజులు మట్టి రేణువులకి అంటదు, నీటితో పాటే నడుస్తుంది. ఆ తర్వాత అమ్మోనియంగా మారి అంటుకుంటుంది. కాబట్టి ‘వాన పడుతోంది, వేసేద్దాం’ అన్నది వరి పొలంలోనూ తప్పే, కొండవాలులో మరీ తప్పు. వాయుగుండం కబురుంటే ఆగండి. గట్టి వాన వెలిసిన రెండో రోజు, మట్టి ముద్దకట్టి వదిలే తడిలో ఉన్నప్పుడు వేయండి.

కోత అయ్యాక జూన్ చివర్లో మొదటి విడత: సూపర్ మొత్తం, యూరియా, పొటాష్ సగం సగం. రెండో విడత సెప్టెంబరు 15 లోపు. అక్టోబరుకి జరపకండి, రెండు కారణాలు. ఒకటి, మన వైపు అక్టోబరు తుపాన్ల నెల. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో గజపతి జిల్లాని ముంచిన తిత్లీ, మూడూ అక్టోబరులోనే. రెండోది ఇంకా ముఖ్యం: పూత రావాల్సిన కొమ్మ మూడు నాలుగు నెలలు ముదరాలి. ఆలస్యంగా వేసిన నత్రజని నవంబరులో చిగురు తోస్తుంది, ఆ చిగురు జనవరికి ముదరదు. మొదట్లో చెప్పిన ఒక పక్క పూతకి ఇదీ ఒక కారణం. ఆ లేత చిగురుకి తేనెమంచు పురుగు కూడా చేరుతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో మామిడికి నీళ్ళూ, నత్రజనీ రెండూ బంద్. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్ళీ తడి.

గత్తం గురించి

కుప్ప పోసి ఆర్నెల్లు ఎండకి వదిలేసింది గత్తం కాదు, పొట్టు. పైభాగం ఎండి నత్రజని ఎగిరిపోతుంది, కింది భాగం వానకి కారిపోతుంది. చెట్టు నీడన, కొద్దిగా మెరక మీద గుంట తీసి, పేడ, ఆకు, చోడి గడ్డి వరసలుగా పేర్చి, గుప్పిట పిండితే వేళ్ళ మధ్య చెమ్మ తెలిసి చుక్క కారనంత తడి ఉంచి, నెలకోసారి తిరగేయండి. మూడు నెలలకి మట్టివాసన వస్తుంది. పేడవాసన ఉందంటే ఇంకా కాలేదు. మాగని పేడ పాదులో పడితే వెంట వచ్చేవి వేరుపురుగు, చెదలు. 100 కిలోల మాగిన గత్తానికి 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (కుళ్ళు తెగుళ్ళని అణిచే మేలుచేసే బూజు) కలిపి, వారం పది రోజులు గోనె కప్పి తడి ఆరకుండా ఉంచితే వేరుకుళ్ళు ఉన్న తోటలకి మంచి మందు. ఇప్పపిండి మన వైపు చవగ్గా దొరుకుతుంది గానీ దాంట్లో నత్రజని వేపపిండి కన్నా తక్కువ, పైగా చేపలకి విషం. చెరువు ఎగువన ఉన్న తోటలో వాడొద్దు.

గత్తం చాలనివాళ్ళకి గట్ల వెంట గ్లిరిసిడియా అనే పచ్చిరొట్ట చెట్టు. తొలకరిలో మూడు నాలుగు అడుగుల కర్రలు మీటరు ఎడంగా పాతితే మరుసటి ఏడు నుంచి ఏటా రెండు మూడు కోతలు. 10 కిలోల పచ్చి ఆకులో సుమారు 60 గ్రాముల నత్రజని ఉంటుంది. వరసల మధ్య జనుము వేసి 45–50 రోజులకి, పూత మొదలైనప్పుడు కోసి పాదుల్లో పరవండి. వాలులో దున్ని కలపాలన్న పట్టుదల వద్దు, ఆ దున్నిన మట్టి తర్వాతి వానకే దిగిపోతుంది. ముదిరితే జనుము నార అవుతుంది, కుళ్ళదు.

జీవామృతం మీద నమ్మకం ఉన్నవాళ్ళతో వాదన పెట్టుకోను. సూక్ష్మజీవులకి అది మంచిదే. కానీ అంకె చూడండి: 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల పప్పుపిండి, 2 కిలోల బెల్లం వేసిన 200 లీటర్ల పీపాలో మొత్తం నత్రజని కాస్త అటూ ఇటూగా 220 గ్రాములు. అరకిలో యూరియాలో ఉన్నంత, అదీ ఎకరం మొత్తానికి. దాన్ని గత్తానికి తోడుగా పోయండి. గత్తం మానేసి పోస్తే నాలుగో ఏడు చెట్టే చెబుతుంది.

చిన్నవే గానీ కాయని పగలగొట్టేవి

ఎర్రనేలల్లో బోరాన్ వానతో కిందికి పోతుంది. ఆకు కొస నొక్కినట్టు పొట్టిగా ఉండటం, పిందె గోళీకాయ దాటాక నిలువునా పగలడం దాని గుర్తులు. ఏడాదికి పెద్ద చెట్టుకి బోరాక్స్ 100 గ్రాములు, గత్తంలో కలిపి జూన్ విడతలో వేయాలి. అంతకు మించితే విషం, ఆకు అంచులు మాడతాయి. లేదా పూమొగ్గ దశలో లీటరు నీటికి గ్రాము బోరిక్ యాసిడ్ పిచికారీ. రెండూ కలిపి ఒకే ఏడు చేయకండి. కొత్తగా సున్నం వేసిన పాదుల్లో బోరాన్ ఇంకాస్త బిగుసుకుంటుంది, కాబట్టి ఆ ఏడు పిచికారీయే మేలు. ఆకులు చిన్నవై గుత్తిలా వస్తే జింకు లోపం: లీటరుకి 5 గ్రాముల జింకు సల్ఫేట్, 10 గ్రాముల యూరియా, చిగురు మీద.

మామిడి వరసల మధ్య అనాస వేసినవాళ్ళు సున్నం పాదు దాటనివ్వొద్దు. అనాసకి పులుపు నేలే ఇష్టం, దానికి మొక్కకి 12 గ్రాముల నత్రజని, 4 భాస్వరం, 12 పొటాష్ విడిగా ఇవ్వాలి. ఇవ్వకపోతే మామిడి వాటా తింటుంది. వాలుకి అడ్డంగా రెండు వరసల చొప్పున నాటితే మట్టిని ఆపడంలో అనాసకి సాటి లేదు. జీడితోటల్లో గింజలేరడానికి వీలుగా ఫిబ్రవరిలో ఆకు ఊడ్చి కాల్చేస్తారు. ఆ పొగలో నత్రజని, గంధకం పోతాయి, బూడిదలోని పొటాష్ తొలి వానకి జారిపోతుంది. ఆకుని చెట్ల నడుమ అడ్డచాళ్ళు తీసి అందులో నొక్కేయండి. నిప్పు భయముంటే తోట చుట్టూ మూడు మీటర్ల మేర గడ్డి చెక్కేస్తే చాలు.

వచ్చే జూన్‌లో చాలు తీసేటప్పుడు, నిరుటి చాలు మీద ఒక్క పార దించి చూడండి. తెల్లటి సన్నవేర్లు దారపు ఉండల్లా అల్లుకుని ఉంటే చోటు, లోతు సరిపోయాయి. కొత్త చాలు పక్కకి ఒక జానెడు జరపండి. మట్టి ఒట్టిగా ఉండి, సూపర్ గుళికలు బూడిదరంగులో ఇంకా కనబడుతుంటే అక్కడ వేరు లేదు, ఎరువు చెట్టుకి దూరంగా పడింది. వేర్లున్నా కొసలు లావై, గోధుమరంగులో మొండిగా ఉంటే ఆ ఏడు యూరియా సగానికి తగ్గించి, ఆ డబ్బుతో డోలమైట్ కొనండి.